ఎట్టప్పన్ ఎవరు అని అడిగేముందు



పోయిన వారం మన గుంపులో వచ్చిన మాట మీరంతా చూసే ఉంటారు. కల్యాణ మండపం బాడుగ లెక్కల గురించి ఎవరో జిల్లా రిజిస్ట్రారుకు ఉత్తరం రాశారు. వివరణ ఇవ్వమని మన కార్యదర్శిగారికి నోటీసు వచ్చింది. ఆ నోటీసు ఫోటో కింద ఒకాయన "మనలో ఎట్టప్పన్ ఎవరు? పేరు బయటికి రావాలి" అని పెట్టారు. దానికి ముప్పై మందికి పైగా దండాలు, బొటనవేళ్ళు పెట్టారు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో అది 4వ అంశంగా కూడా ఎక్కింది.

ముందే చెప్పేస్తాను. ఆ ఉత్తరం నేను రాయలేదు. రాసినవారెవరో నాకు తెలియదు. కానీ ఆ "ఎట్టప్పన్" అన్న మాట చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. దాని వెనక ఉన్న చరిత్ర కొంచెం రాద్దామనిపించింది. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైన తర్వాత మన ఆదివారం తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నవి. తప్పులుంటే మన్నించండి. కొంచెం పొడుగు కూడా.

ఎట్టయపురం మనకు దూరం కాదు. కోవిల్‌పట్టిలో బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికేలోపు ఊరు వచ్చేస్తుంది. తమిళనాడులో ఎవరినైనా ద్రోహి అనాలంటే ఆ ఊరి పాలెగాడి పేరు చాలు. వీరపాండ్య కట్టబొమ్మన్‌ను తెల్లవాడికి కాట్టిక్కొడుత్తవన్ అని అర్థం. తెలుగులో అయితే "పట్టిచ్చాడు" అంటాం. 1959లో శివాజీ గణేశన్ సినిమా వచ్చాక ఆ మాట పసిపిల్లల నోటికి కూడా వచ్చేసింది. ఐదో క్లాసులో నా పెన్సిలు దొంగిలించినవాణ్ణి సారుకు చెప్పినందుకు నన్నూ అలాగే పిలిచారు.

జరిగింది ఏమిటంటే, 1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోట మీదికి వచ్చాడు. కట్టబొమ్మన్ తప్పించుకుని ఉత్తరానికి పోయాడు. ఆయనను పట్టి కంపెనీకి అప్పగించింది పుదుక్కోట్టై తొండైమాన్ రాజు. అక్టోబరు 16న కయత్తారులో చింతచెట్టుకు ఉరి తీశారు. ఎట్టయపురంవారు కంపెనీ పక్షాన నిలిచిన మాట నిజం. తమ సేనను పంపిన మాట నిజం. తర్వాత పాంచాలంకురిచ్చి ఊళ్ళు కొన్ని వారికి దక్కిన మాటా నిజమే. కానీ వారు చాటుగా చెవిలో చెప్పిన వేగులు కారు. జెండా ఎత్తి బాహాటంగా అటు పక్క నిలబడినవారు. అప్పగించింది ఒకరు, పేరు మోసింది ఇంకొకరు. ఇంకో సంగతి, కట్టబొమ్మన్ ఇంట్లోనూ ఎట్టయపురం ఇంట్లోనూ మాట్లాడుకున్నది మన తెలుగే. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ పేరు ఆ ఇంటిని వదలలేదు. ఒకసారి ఒకడి మీద "చెప్పినవాడు" అన్న ముద్ర పడితే, తప్పొప్పులు తేల్చడానికి ఎవరూ రారు.

మన తెలుగు సామెత కూడా అంతే కదా. ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం. రాముడి పక్షాన ధర్మం ఉందని అందరం ఒప్పుకుంటాం. అయినా కొడుక్కి విభీషణుడని పేరు పెట్టినవాణ్ణి నేను చూడలేదు.

ఇక పోలీసులు సమాచారం ఇచ్చినవాడి పేరు ఎందుకు దాస్తారన్నది చూద్దాం. ఇది తెల్లవాడు తెచ్చిన కొత్త పద్ధతేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే గూఢచారుల అధ్యాయాలు ఉన్నాయి. సన్యాసి వేషం, వర్తకుడి వేషం, రైతు వేషం, ఇలా రకరకాలు చెప్పి, ఆ వేగులు ఒకరినొకరు ఎరిగి ఉండకూడదంటాడు. ముగ్గురు వేరువేరుగా తెచ్చిన మాట ఒకటైతేనే నమ్మాలంటాడు. మాటిమాటికీ తప్పు కబురు తెచ్చేవాడికి చప్పుడు కాకుండా శిక్ష వేయమంటాడు. రహస్యం చెప్పినవాడి ప్రాణం కోసమే కాదు, వాడు చెప్పింది నిజమా కాదా అని సరిచూసుకోవడం కోసం కూడా. ఒకరినొకరు ఎరిగితే ముగ్గురూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పవచ్చు కదా.

కోర్టు మాటకు వస్తే 1794 దగ్గర మొదలుపెట్టాలి. లండనులో థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టేవాడి మీద రాజద్రోహం కేసు పెట్టారు. సామాన్యులకు ఓటు హక్కు కావాలని సంఘం పెట్టడమే అతని నేరం. ఆ సంఘంలో ప్రభుత్వ వేగులు చేరారు. విచారణలో హార్డీ లాయరు ఎర్‌స్కిన్ ఒక సాక్షిని, నువ్వు ఈ సమాచారం ఎవరికి చేరవేశావని పట్టుబట్టి అడిగాడు. ఆ దారి బయటపెట్టనక్కరలేదని కోర్టు అడ్డం పడింది. హార్డీ మాత్రం నిర్దోషిగా బయటికి వచ్చాడు. కేసు పోయింది, సూత్రం మాత్రం మిగిలింది.

అదే సూత్రం మన దేశానికి 1872 సాక్ష్య చట్టంలో 125వ సెక్షనుగా వచ్చింది. రాసింది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. నేరం జరిగిన సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని మేజిస్ట్రేటునుగానీ పోలీసు అధికారినిగానీ బలవంతపెట్టరాదు. పన్ను ఎగవేత సంగతిలో రెవెన్యూ అధికారికి కూడా అంతే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 131వ సెక్షను. మత్తుమందుల చట్టంలో 68వ సెక్షను, సమాచార హక్కు చట్టంలో 8(1)(జి) కూడా ఈ కుటుంబానివే. నూట యాభై ఏళ్ళలో చట్టాల పేర్లు మారాయి, ఈ ఒక్క మాట మారలేదు. కస్టమ్స్‌లో అయితే సమాచారం ఇచ్చినవాడి బొటనవేలి ముద్ర తీసుకుని కవరులో సీలు వేస్తారు. రేపు బహుమానం ఇచ్చేటప్పుడు పేరుకు బదులు ఆ వేలిముద్రే సాక్షి. వినడానికి బాగుంది కదా, పేరు లేని మనిషికి వేలు ఒక్కటే గుర్తు.

"పేరు బయటపడితే ఏమవుతుంది, కొంచెం తిడతారు, అంతేగా" అనేవారి కోసం పూనా సంగతి చెబుతాను. అక్కడ ఉన్న మన తెలుగువారు ఆ వీధులు నాకంటే బాగా ఎరుగుదురు.

1897లో ప్లేగు. ఇళ్ళు సోదా చేసే పేరుతో సిపాయిలు జనాన్ని ఏడిపించారు. ఆ ప్లేగు కమిటీ పెద్ద ర్యాండ్ మీద, జూన్ 22 రాత్రి విక్టోరియా రాణి జూబిలీ విందునుంచి తిరిగి వస్తుండగా, గణేశ్‌ఖిండ్ రోడ్డులో చాపేకర్ అన్నదమ్ములు కాల్పులు జరిపారు. ఎయర్‌స్ట్ అనే అధికారి అక్కడే పోయాడు, ర్యాండ్ కొన్ని రోజులకు ఆస్పత్రిలో పోయాడు. ఆచూకీ చెప్పినవారికి 20,000 రూపాయలు అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో 20,000 అంటే ఊరంత డబ్బు. ఆ డబ్బుకు ఆశపడి కబురు చెప్పినవారు గణేశ్, రామచంద్ర అనే ద్రావిడ్ సోదరులు. దామోదర్ చాపేకర్ దొరికాడు, 1898 ఏప్రిల్ 18న ఉరి తీశారు. తమ్ముడు బాలకృష్ణ నిజాం రాజ్యంలోకి పారిపోయి కొన్నాళ్ళు దాక్కుని చివరికి పట్టుబడ్డాడు.

ద్రావిడ్ సోదరుల పేరు మాత్రం పూనాలో దాగలేదు. ఎవరివల్ల ఉరి పడిందో ఊరంతటికీ తెలుసు. 1899 ఫిబ్రవరి 8 రాత్రి ఇద్దరు మనుషులు మారువేషంలో వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, పోలీసు అధికారి బ్రూయిన్ పిలుస్తున్నాడని చెప్పారు. అన్నదమ్ములు నమ్మి వీధిలోకి వచ్చారు. కాల్చేశారు. కాల్చినవారు మూడో చాపేకర్ వాసుదేవ్, అతని స్నేహితుడు మహాదేవ్ రానడే. ఆ మేలో మూడు ఉరులు పడ్డాయి. 8న వాసుదేవ్, 10న రానడే, 12న బాలకృష్ణ. ఒక తల్లి కన్న ముగ్గురు కొడుకులూ పోయారు.

చాపేకర్లు మనకు వీరులు. దాంట్లో నాకు అనుమానం లేదు. ద్రావిడ్ సోదరుల కోసం ఎవరూ కన్నీరు పెట్టరు, నేనూ పెట్టను. కానీ జీవితమంతా ఫైళ్ళు మోసిన గుమాస్తాను కాబట్టి నా బుర్ర ఇంకోవైపు పోతుంది. బ్రూయిన్ పిలుస్తున్నాడంటే వాళ్ళు ఎందుకు నమ్మి బయటికి వచ్చారు? ఆయన పిలవడం, వీళ్ళు పోవడం ఊరికి మామూలైపోయింది కాబట్టి. పోలీసుకూ వేగుకూ మధ్య దారి నలుగురికీ కనిపించింది. ఆ దారిలోనే చావు నడిచి వచ్చి తలుపు తట్టింది. ప్రభుత్వానికి కావలసిన పేరు దొరికింది, ఇచ్చినవాడి పేరు ఏమైతే ఏమి అనుకున్నట్టుంది.

కలకత్తాలో 1908లో జరిగింది కొంచెం వేరే. అలీపూర్ బాంబు కేసులో నరేంద్రనాథ్ గోసాయి అప్రూవర్‌గా మారాడు. అప్రూవర్ వేరు, వేగు వేరు. వేగు చెవిలో చెప్పి పోతాడు. అప్రూవర్ కోర్టులో నిలబడి చెప్పాలి, కాబట్టి దాచడానికి కుదరదు. ఆగస్టు 31న జైలు ఆస్పత్రిలోనే కనాయిలాల్ దత్తా, సత్యేంద్రనాథ్ బోసు అతన్ని కాల్చి చంపారు. సెషన్స్‌లో క్రాస్ పరీక్ష జరగకముందే పోయాడు కాబట్టి అతని వాంగ్మూలం చెల్లలేదు. మరుసటి ఏడు అరవిందులు విడుదలయ్యారు. బోనులోకి వచ్చేవారికి వేరే రక్షణ కావాలి అన్నది మనవాళ్ళు ఎంతో ఆలస్యంగా ఒప్పుకున్నారు. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీం కోర్టు ఆమోదించింది 2018 డిసెంబరులో.

అరవిందులు 1910లో పాండిచ్చేరి చేరారు. యానాం సభ్యులకు తెలుసు, అది ఫ్రెంచివారి నేల, బ్రిటిష్ పోలీసు చేయి అక్కడ పనిచేయదు. అంతకు రెండేళ్ళ ముందే సుబ్రహ్మణ్య భారతి అక్కడికి వచ్చి ఉన్నాడు. భారతి పుట్టింది ఎక్కడో గుర్తుందా? ఎట్టయపురంలో, 1882లో. ద్రోహికి మారుపేరైన ఊరు కన్న బిడ్డ పదేళ్ళు వేగుల కళ్ళ మధ్య బతికాడు. పక్కింట్లో అద్దెకు దిగేవాడు వేగు, టపా చూసేవాడు వేగు.

అక్కడ జరిగిన ఒక సంగతి నా వాదానికి ఎదురు పోతుంది. అయినా దాచను. వ.వె.సు. అయ్యర్ ఇంటి బావిలో ఎవరో మూత బిగించిన జాడీ ఒకటి పడేశారు. లోపల రాజద్రోహపు కాగితాలు, కాళి బొమ్మ. తర్వాత ఫ్రెంచి పోలీసుకు, ఇక్కడ కుట్ర జరుగుతోందని ఫిర్యాదు. కానీ నీళ్ళు తోడుతుంటే జాడీ ముందే పైకి వచ్చేసింది. అయ్యర్, భారతి, అరవిందులు కలిసి ఆలోచించి, తామే పోయి ఫ్రెంచి అధికారులకు చూపించారు. సోదాకు వచ్చిన ఫ్రెంచి మేజిస్ట్రేటు అరవిందుల గదిలో గ్రీకు, లాటిన్ పుస్తకాలు చూసి మర్యాదగా వెనక్కి పోయాడు. ఫిర్యాదు చేసినవాడు ఊరు విడిచి బ్రిటిష్ ఇండియాలోకి ఉడాయించాడు. అక్కడ ఆ రహస్యపు మనిషి పేరు బయటికి రావడమే న్యాయమైంది.

అంటే రహస్యానికి కూడా గట్టు ఉండాలి. 1890లో ఇంగ్లండులో మార్క్స్, బేఫస్ కేసులో లార్డ్ ఎషర్ ఆ గట్టు వేశాడు. ముద్దాయి నిర్దోషి అని తేలడానికి ఆ పేరు కావలసి వస్తే, అప్పుడు రహస్యం పక్కకు పోవాలి. ఇంకోటి కూడా గమనించండి. మన పేపర్లలో రోజూ "రహస్య సమాచారం మేరకు" అని చదువుతాం. ఆ సమాచారం దానంతట అది సాక్ష్యం కాదు. గోడౌనులో గంజాయి ఉందని ఎవడో చెప్పాడు, పోలీసు పోయి చూశాడు, మూటలు దొరికాయి. కోర్టుకు కావలసింది మూటలు, చెప్పినవాడు కాదు. మూటలు దొరక్కపోతే చెప్పినవాడి మాటకు కాణీ విలువ లేదు. అందుకే వాడి పేరు దాచినా ముద్దాయికి అన్యాయం జరగదు. మూటలే దొరకని చోట "రహస్య సమాచారం" పేరుతో మనిషిని లోపల వేస్తే అది వేరే కథ. అట్లాంటివీ జరుగుతాయి, కాదనను.

మన కాలానికి వద్దాం. సత్యేంద్ర దూబే, కాన్పూరు ఐఐటీలో చదివిన ఇంజనీరు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనిలో దొంగ లెక్కలు, నాసిరకం పని చూసి 2002లో ప్రధానమంత్రికే ఉత్తరం రాశాడు. నా పేరు బయటపెట్టవద్దని అందులోనే వేడుకున్నాడు. ఆ ఉత్తరం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు, పేరుతో సహా, ప్రయాణం చేసింది. 2003 నవంబరు 27న, తన ముప్పయ్యో పుట్టినరోజున, గయ స్టేషనులో రైలు దిగి రిక్షాలో ఇంటికి పోతుండగా కాల్చి చంపారు. సీబీఐ దోపిడీ అని తేల్చింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. దోపిడీయే కావచ్చు. అయినా ఆ ఉత్తరం మీద పేరు మూసి ఉంటే ఈ దేశం ఆ అనుమానంతో బతకనక్కరలేదు.

ఆ తర్వాతే 2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు కొత్త ఏర్పాటు చేశారు. ఫిర్యాదు కవరులో పెట్టి అతికించాలి. పేరు లోపలే ఉండాలి, కవరు మీద ఉండకూడదు. అసలు పేరు లేని ఆకాశరామన్న ఉత్తరం తీసుకోరు. ముట్టినట్టు రసీదు కూడా పంపరు, ఎందుకంటే రసీదు తెచ్చే పోస్టుమాన్ కూడా ఒక దారే. ఎవరు కనిపెట్టారోగానీ, ఆఫీసు సంగతి బాగా తెలిసిన గుమాస్తా ఎవడో పక్కన ఉండే ఉంటాడు.

ఇప్పుడు నేను ఇంతవరకు ఎవరికీ చెప్పనిది చెబుతాను. మా ఇంటావిడకు కూడా నిన్న రాత్రే చెప్పాను.

ఎనభైలలో నేను ఒక గూడ్స్ షెడ్డుకు సంబంధించిన ఆఫీసులో టైపు కొట్టే గుమాస్తాను. ఏ ఊరన్నది వద్దు. చక్కెర వ్యాగన్లు వచ్చినప్పుడల్లా నాలుగైదు మూటలు తక్కువ వచ్చేవి. విచారణకు వచ్చిన అధికారికి మూటలు మోసే కూలీ ఒకతను టీ అంగడి వెనక నిలబడి చెప్పాడు, ఏ రాత్రి ఏ లారీ వస్తుందో, తలుపు ఎవరు తీస్తారో. అధికారి రిపోర్టు రాసి నాకు ఇచ్చాడు. రెండో పేరాలో కూలీ పేరు ఉంది. నేను ఎప్పటిలాగే నాలుగు కార్బన్లు పెట్టి కొట్టాను. కింద నకళ్ళ జాబితాలో నాలుగో నకలు షెడ్డు సూపర్వైజరుకు. ప్రతి రిపోర్టుకూ అలాగే పోతుంది, అలవాటు. తలుపు తీసేది ఆ సూపర్వైజరు మనుషులే అని మొదటి పేరాలోనే ఉంది. నేను అక్షరాలు కొట్టాను, చదవలేదు.

పది రోజుల్లో ఆ కూలీని పనికి పిలవడం మానేశారు. ఒక రాత్రి సిగ్నలు కంబం దగ్గర కొట్టారు, కుడి చేయి విరిగింది. మూటలు మోసేవాడికి కుడి చేయి. భార్యాపిల్లలతో తిరుప్పూరు పోయాడని విన్నాను. పోయేముందు ఆఫీసుకు వచ్చి ఆ అధికారినే తిట్టాడు, నువ్వే చెప్పావురా అని. అధికారి నోరెత్తలేదు, ఆయనకూ ఎక్కడ కారిందో తెలియదు. నేను మిషను మీద కాగితం సర్దుకుంటూ కూర్చున్నాను. "అన్నా, తప్పు నాది" అని లేచి చెప్పలేకపోయాను. నాకు అప్పుడు పెళ్ళై ఆరు నెలలు, ఉద్యోగం పోతుందని భయం.

ఆ తర్వాత ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. మూటలు తగ్గుతూనే ఉన్నాయి. ఎంతమంది అధికారులు వచ్చినా, ఎన్ని టీలు తాగించినా, ఒక్క కూలీ నోరు తెరవలేదు. వాళ్ళకు చక్కెర దొంగ ఎవరో తెలుసు. చెప్పినవాడికి ఏమైందో కూడా తెలుసు.

మన మండపం సంగతికి వస్తే, ఆ ఉత్తరంలో రాసింది అబద్ధమైతే బాడుగ పుస్తకం, రసీదు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం పక్కపక్కన పెడితే అరగంటలో తేలిపోతుంది. నిజమైనా అరగంటే. రెండింటిలో దేనికీ రాసినవారి పేరు అక్కరలేదు. కార్యదర్శిగారు నాకు ఇరవై ఏళ్ళ స్నేహితులు, ఆయన మీద నాకు అనుమానం లేదు. ఆయన కూడా పుస్తకాలు చూపడానికి వెనకాడరనే అనుకుంటున్నాను.

నిన్న అధ్యక్షులవారికి రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాను. 4వ అంశం కొట్టేసి, 5వ అంశంగా ఉన్న లెక్కల పరిశీలనను మొదటికి తీసుకురమ్మని. నాతో పాటు సంతకం పెట్టేవారెవరైనా ఉంటే శనివారం సాయంత్రం లోపల మా ఇంటికి రండి. కాగితం ముందు గది బల్ల మీదే ఉంటుంది. నకళ్ళు తీయలేదు.